నలభై నిమిషాల గొంతు

“ఫోనెత్తేదానికి కండ్లెందుకు? చెవులుంటే చాలు” అని అత్త వెంకటలక్ష్మమ్మ అన్న రోజునే ఇంద్రాణి ఉద్యోగం మొదలైంది. జీతం లేదు కాబట్టి దాన్ని ఎవరూ ఉద్యోగం అనలేదు. ఆ పొద్దున ఆమె వంటింట్లో అలసంద కాయలు ఒలుస్తోంది. కింద అంగడిలో ఫోను మోగి మోగి ఆగుతోంది. “పైన ఊరికే కూర్చునే బదులు కిందికి పొయ్యి ఆ ఫోనన్నా చూసుకోరాదా” అంది అత్త. ఊరికే కూర్చోవడమంటే అప్పటికి రెండు కుండల నీళ్ళు పట్టి, ముగ్గురికి దోసెలు పోసి, కాయలు ఒలవడం.

అది తొంభై ఆరు. భర్త దివాకర్‌కు అనంతపురంలో బోర్లు వేసే వ్యాపారం. కింద అంగడి, పైన ఇల్లు. ఇంద్రాణికి చిన్నప్పటి నుంచీ రేచీకటి ఉండేది. డిగ్రీ పరీక్షలు పగటి వెలుతురు పుణ్యమా అని రాసింది. పెళ్ళయ్యాక చూపు అంచుల నుంచి ముడుచుకుంటూ వచ్చి, ఇరవై ఆరో ఏటికి పూర్తిగా పోయింది. తరతరాల మేనరికాల వల్ల కావచ్చన్నాడు బెంగుళూరు డాక్టరు. దివాకర్ ఆమె మేనత్త కొడుకే. పిల్లలకు వస్తుందా అని అడిగితే “రావచ్చు, రాకపోవచ్చు” అన్నాడాయన. ఇంటికొచ్చాక తల్లీ కొడుకూ కూర్చుని ‘వస్తుంది, పిల్లలే వద్దు’ అని తీర్మానం చేసేశారు. ఇంద్రాణిని ఎవరూ అడగలేదు. “నా తమ్ముని కూతురు కాబట్టి పెట్టుకొన్నాం, ఇంకొకరైతే పుట్టింటికి తోలేసేవాళ్ళు” అని మాత్రం వచ్చినవాళ్ళందరికీ అత్త చెప్పేది, ఆమె వినేలాగే.

ఆ ఫోను దగ్గర ఇంద్రాణి ఎనిమిదేళ్ళు కూర్చుంది. రైతులు గొంతు విప్పితే చాలు, ఎవరో చెప్పేది. ఏ ఊరు, ఊరికి ఏ పక్క చేను, ఎన్ని అడుగులు తోడారు, ఎన్ని ఇంచుల నీళ్ళు పడ్డాయి, ఏ మోటారు దించారు, అన్నీ ఆమె తలలోనే ఉండేవి. నీళ్ళు పడని బోర్లు మరీ బాగా గుర్తుండేవి. నీళ్ళు పడినవాడు మోటారు కోసం ఒకసారి ఫోన్ చేస్తాడు. పడనివాడు పది రోజులు చేస్తాడు, ఇంకొక యాభై అడుగులు పోతే పడేదేమోనమ్మా అని. ఆ మాటకు ఏం బదులు చెప్పాలో దివాకర్‌కు తెలిసేది కాదు. ఫోను ఆమె చేతికిచ్చి పోయేవాడు.

రెండు వేల నాలుగులో దివాకర్ గుత్తిలో ఇంకో ఆఫీసు తెరిచి, అంతా కంప్యూటర్‌లో పెట్టించాలనుకున్నాడు. బెంగుళూరు నుంచి రాఘవేంద్ర అనే సాఫ్ట్‌వేర్ మనిషి వచ్చాడు. టైపు చేయడానికి సుష్మ అనే అమ్మాయిని పెట్టుకున్నారు. ఎక్కించాల్సిన రికార్డులు యాడుండాయంటే, దివాకర్ భార్య వైపు చూపించాడట. ఆ సంగతి తర్వాత సుష్మ చెప్పింది.

పదకొండు వారాలు ఇంద్రాణి చెబుతూ ఉంటే సుష్మ టైపు చేసింది. “కుందుర్పి, ఎర్రప్ప, ఊరికి పడమట గుట్ట కింద చేను. మూడు వందల అరవై అడుగులు. రెండించుల నీళ్ళు. ఐదు హెచ్.పి. మోటారు.” సుష్మ వేళ్ళు ఆగిపోయేవి. “అక్కా, నీకు కంప్యూటర్ ఎందుకక్కా!” అనేది. ఇంద్రాణికి నవ్వొచ్చేది. నిజానికి ఆ పదకొండు వారాలు ఆమె చాలా సంతోషంగా ఉంది. చాలా ఏళ్ళ తర్వాత తనకు తెలిసినదాన్ని ఒకరు కూర్చుని వింటున్నారు. ఎక్కించమన్న ఊళ్ళలో నీళ్ళు పడినవీ పడనివీ అన్నీ చెప్పింది. పొద్దున నాలుగున్నరకే లేచి వంట ముగించి, తొమ్మిదికల్లా కిందికి దిగేది. రేపు తనూ పనిచేయబోయే చోటును తానే కట్టుకుంటున్నాననుకుంది.

పని ముగిసిన సోమవారం మెట్ల కమ్మీ పట్టుకుని దిగేసరికి ఆమె కుర్చీ లేదు. చెయ్యి చాచితే చల్లటి గాజు తలుపు తగిలింది.

“ఏసీ పెట్టినాము. కింద వైర్లుండాయి, కాలికి తట్టుకుంటాయి” అన్నాడు దివాకర్. “ఫోను సుష్మ చూసుకుంటాది. నువ్వు ఇంక రెస్టు తీసుకో.”

రెస్టంటే వెల్లుల్లి ఒలవడం, అత్త కాళ్ళకు నూనె రాయడం, ఉతికిన బట్టలు మడతపెట్టడం. ఇంటి పనికి మాత్రం ఏ కంప్యూటరూ రాలేదు. కింద ఫోను మోగితే ఆమె చెయ్యి దానంతటది లేచేది. ఆ చేతిని తిరిగి వెల్లుల్లి మీద పెట్టుకునేటప్పుడు కలిగే సిగ్గును ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. కొట్టలేదు, తిట్టలేదు, రెస్టు తీసుకోమన్నారు. దానికి ఏడ్చేదాన్ని చూసి లోకం నవ్వదా?

నెలకొకసారి కంప్యూటర్లు చూడడానికి వచ్చే రాఘవేంద్రకు భోజనం పైనే. ఒకసారి మజ్జిగ పోస్తూ ఇంద్రాణి అడిగింది. “చూపు లేనివాళ్ళు కంప్యూటర్ వాడేదానికి ఏమీ లేదా?”

అతను తినడం ఆపాడు. “ఉంది మేడం. తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంది. బెంగుళూరులో ఒకాయన దాంతోనే ఉద్యోగం చేస్తున్నాడు. మీరు అన్ని రోజులు పక్కనే కూర్చున్నారు, నాకు తట్టనే లేదు.”

మరుసటి నెల దాని సీడీ తెచ్చి కింద సుష్మ కంప్యూటర్‌లో వేశాడు. డబ్బు కట్టకుండా వాడితే ఆ గొంతు నలభై నిమిషాలే మాట్లాడుతుంది. తర్వాత మూగబోతుంది. కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ పెడితే ఇంకో నలభై నిమిషాలు. ఇంగ్లీషు ఒక్కటే పలుకుతుంది. ఇంద్రాణి బాణం గుర్తు మీట నొక్కగానే ఒక మగ గొంతు గబగబా అక్షరాలు చదివింది. తన వేలికి ఒకరు బదులు చెప్పడం విని ఆమెకు ఒళ్ళు ఝల్లుమంది. కానీ అంగడి ప్రోగ్రాం తెరిచేసరికి ఆ గొంతు “గ్రాఫిక్ ఫార్టీ వన్, గ్రాఫిక్ ఫార్టీ టూ” అని అదే పాట పట్టుకుంది.

“అన్నీ బొమ్మలే పెట్టాను. వాటి వెనకాల పేర్లు రాయలేదు. మౌసుతో తప్ప ఏదీ తెరుచుకోదు” అన్నాడు రాఘవేంద్ర, తప్పు దొరికిన పిల్లాడిలా. “మూడు వారాల పని. సార్‌తో మాట్లాడతాను.”

మాట్లాడాడు, అన్నం తింటూనే.

“ఏమప్పా రాఘవేంద్రా, ఒక్క మనిషి కోసం ఉన్నదంతా మారుస్తావా?”

“ముందే చేయాల్సింది సార్. తప్పు నాది. ఖర్చు కూడా మీ మీద వేయను.”

“దుడ్ల మాట కాదప్పా. ఆయమ్మకేం తక్కువ? అన్నం పెడతాండాము, బట్ట ఇస్తాండాము. మళ్ళా కంప్యూటర్ యాల?”

అప్పుడు దివాకర్ కలుపుతున్న అన్నం వండింది ఇంద్రాణి. వడ్డించింది ఇంద్రాణి. ఇంకొంచెం వేయనా అని గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

రాఘవేంద్ర ఎవరికీ చెప్పకుండా ఒక ఆదివారం కూర్చుని ఒక్క వెతికే తెరను మాత్రం సరిచేసి పోయాడు. పేర్లు రాశాడు, మౌసు అక్కరలేకుండా మీటలు పెట్టాడు. మధ్యాహ్నం ఒకటిన్నరకు దివాకర్ తిని పైన కునుకు తీసేవాడు. అప్పుడు ఇంద్రాణి కిందికి దిగేది. సుష్మ కుర్చీ ఖాళీ చేసి, పక్కన డబ్బా విప్పుకుని తినేది. నలభై నిమిషాలు. ఆ గొంతు కళ్యాణదుర్గాన్ని నోరు తిరగక ఏదోలా పలికితే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. రెండు నెలల్లో ఇంద్రాణి ఏ ఊరినైనా సుష్మ కంటే ముందే వెతికి పట్టేది.

ఒక మంగళవారం కుందుర్పి వెతికింది. కదిరమ్మ పేరు మీద ఒకే రికార్డు పలికింది. గురువారం బోరు బండి పోవాలని బుకింగ్. ఇంద్రాణి మళ్ళీ వెతికింది. ఒకటే. ఆ చేలో రెండు బోర్లు వేశారు. ఒకటి నాలుగు వందల ఇరవై అడుగులు, ఇంకొకటి ఐదు వందల పది. రెండూ దుమ్మే. తనే చెప్పింది, సుష్మ టైపు చేసింది.

“సుష్మా, కదిరమ్మవి ఎండుబోర్లు యాడ?”

సుష్మ డబ్బా మూత పెట్టిన చప్పుడు. “సార్ తీసేయమన్నాడక్కా. ఫెయిలైనవన్నీ. వచ్చినోళ్ళకు తెర తిప్పి చూపిస్తాము గదా, అన్నీ నీళ్ళు పడినవే ఉండాలన్నాడు.”

ఇంద్రాణి ఇంకేం అడగలేదు. ఫోను దగ్గరికి లాక్కుని, ఆ ఊళ్ళో ఫోనున్న ఇంటికి చేసి కదిరమ్మను పిలిపించింది. పది నిమిషాలకు ఆయాసపడుతూ వచ్చింది కదిరమ్మ. మొగుడు పోయాక నాలుగెకరాల మెట్టను ఒక్కతే లాగుతున్న మనిషి.

“మళ్ళా బోరు యాల వేయిస్తాండావు కదిరమ్మా?”

“ఈసారి పడతాదంట గదమ్మా. కంప్యూటర్‌లో చూసి మీ ఇంటాయనే చెప్పినాడు. చుట్టుపక్కల అన్నీ పడినాయంట.”

“ఆ కంప్యూటర్‌కు చెప్పింది నేనే. మీ గట్టు కింద రాయి తప్ప ఏమీ లేదు. నీ రెండు బోర్లు, పక్కన ఎర్రప్ప తమ్మునివి మూడు, ఐదూ ఎండిపోయినాయి. తోడొద్దు.”

“ఈ బోరు కోసం ఎద్దుల్ని అమ్మినా తల్లీ” అంది కదిరమ్మ.

“ఆ దుడ్లు ఇంకా చేతిలో ఉండాయా?”

“ఉండాయి.”

“అట్లనే పెట్టుకో. మళ్ళా ఎద్దులనే కొనుక్కో.”

గురువారం బండి పోలేదు. ఎందుకు పోలేదో తెలుసుకోవడానికి దివాకర్‌కు ఎంతోసేపు పట్టలేదు. సుష్మ ముందరే ఆమెను కిందికి పిలిచాడు.

“నా బండి ఖాళీగా నిలబడింది. కంప్యూటర్‌లో లేని మాట నీకెవరు చెప్పినారు?”

“నువ్వు తీసేసినవన్నీ నాకు కనపడినాయి బావా.”

అతని కోపం సుష్మ మీదికి మళ్ళింది. “ఆ మాట్లాడేది తీసెయ్. ఇప్పుడే, నా ముందర తీసెయ్.” మౌసు నాలుగైదు సార్లు టిక్కుమంది. ఆ తర్వాత ఇంద్రాణి చెయ్యి చాచి మీట నొక్కి చూసింది. ఏమీ పలకలేదు. ఆ రోజు ఆమెకు రెండోసారి చూపు పోయింది. మొదటిసారి జబ్బు తీసుకుపోయింది, ఎవరినీ తిట్టుకోలేదు.

“మొగుని అంగడిని ముంచేసే ఆడది యాడన్నా ఉంటాదా” అంది అత్త ఆ సాయంత్రం. రెండు వారాలకు జిల్లా పేపర్లో దివాకర్ ఫొటో పడింది. బోర్ల వ్యాపారంలో కంప్యూటర్ విప్లవమట. సమాచారమంతా తన పదిహేనేళ్ళ స్వయంకృషి అని చెప్పాడట. సుష్మ మెట్ల మీద కూర్చుని నెమ్మదిగా చదివి వినిపించింది. చదవడం అయ్యాక పేపరు మడిచిన చప్పుడు వినిపించింది. “నేను రాఘవేంద్ర సార్‌కు ఫోన్ చేస్తానక్కా” అంది.

బెంగుళూరులో చూపులేనివాళ్ళకు కంప్యూటర్ నేర్పే చోటుంది. మూడు నెలలు, హాస్టలు. అక్కడ నేర్చుకున్నవాళ్ళను కంపెనీలు పిలుస్తున్నాయని, తమ కంపెనీలోనే ప్రోగ్రాములు చూపులేనివాళ్ళకు పనికొస్తాయో లేదో పరీక్షించే మనిషి కావాలని చెప్పాడు రాఘవేంద్ర. ఫారం సుష్మ నింపింది. ఇంద్రాణి తడుముకుంటూ సంతకం పెట్టింది.

ఇంట్లో చెప్పినప్పుడు ఒంటరిగా ఎట్లా పోతావని ఒక్కరూ అడగలేదు. “మరి వంటెవరు చేస్తారు?” అంది అత్త.

దివాకర్ మాత్రం అరవలేదు. ప్రయాణం ముందు రోజు మధ్యాహ్నం మెత్తగా పిలిచి, కింద సుష్మ పక్కన కూర్చోబెట్టాడు. ఎనిమిది నెలల తర్వాత ఆ గదిలో ఆమెకొక కుర్చీ వేశారు.

“పోతే పో, నేనేం వద్దన్నానా? తనకల్లులో ఆఫీసు తెరుస్తాండాము. ఆ పక్క బోర్లు అప్పుడు ఎక్కించలేదు. ఈ పూట చెప్పేసి పో. నీకు ఎంతసేపు?”

“చెప్తాను బావా. నీళ్ళు పడినవీ చెప్తా, పడనివీ చెప్తా. పడనివి తీసేయకూడదు. మన ప్రోగ్రామంతా ఆ గొంతు చదివే మాదిరి చేయమని రాఘవేంద్రకు ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఇన్ని రోజులు నేను చేసింది ఇంటి పని కాదు, అంగడి పని అని సుష్మ ముందర ఒక్క మాట అను.”

“ఎవరితో మాట్లాడతాండావు నువ్వు? మొగునికి షరతులు పెడతావా?” కుర్చీ జరిగిన చప్పుడు. “ముందు చెప్పు. తనకల్లు. మొదటిది ఎవరిది?”

సుష్మ వేళ్ళు మీటల మీద ఎదురుచూస్తున్నాయి. ఇంద్రాణి మొహం అతని గొంతు వైపు తిప్పింది.

“నాకు గుర్తులేదు బావా.”

“ఏంది?”

“గుర్తులేదు. ఒక్కటీ గుర్తులేదు.”

అతను ఇంకేదో అంటూనే ఉన్నాడు. ఇంద్రాణి లేచి, గాజు తలుపు తోసుకుని బయటికి వచ్చింది. బస్సు పొద్దున ఐదున్నరకు. సంచీలో ఇంకా రెండు చీరలు పెట్టుకోవాలి. కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కుతుంటే తనకల్లు పక్క ఊరూరూ, చేనుచేనూ, అడుగులతో సహా ఆమె తలలో వరసగా కదిలాయి. నూట డెబ్బై రెండు బోర్లు. వాటిలో ముప్పై ఒకటి ఎండినవి. బెంగుళూరులో ముందు వాటినే తన చేత్తో టైపు చేయాలనుకుంది.