మలుపు దగ్గర విజిల్

విజిల్ బాబాయి మూడో లారీని లోపలికి పంపి, విజిల్‌ను చొక్కాకు తుడుచుకునేసరికి నాలుగోది హారన్ కొట్టింది. సరుకుల గోడౌను గేటు ముందు ఆయన నిలబడేచోట తారు నున్నబడింది. ముప్ఫయ్యొక్క ఏళ్లు ఒకేచోట నిలబడితే తారు మాత్రం ఏం చేస్తుంది. మనిషి పొట్టి, ముందుకొచ్చిన బొజ్జ, నెత్తిన ఎర్ర టోపీ. ఎడమ చెవి సరిగా వినిపించదు. దాని పుణ్యాన భార్య మాటల్లో సగం తప్పించుకున్నానని అందరికీ చెప్పుకుంటాడు. ఈరోజుతో ఆయన ఉద్యోగం సరి.

పొడవాటి లారీ ఎడమనున్న ఆ గేటులోకి తిరగాలంటే ముందు కుడికి జరగాలి, లేకపోతే వెనక చక్రాలు గోడను గీస్తాయి. అది జరగ్గానే ఎడమవైపు ఖాళీ ఏర్పడుతుంది. మోటారు సైకిళ్లవాళ్లు దాన్ని చూసి, పాపం దారిచ్చాడనుకుని అందులోకి దూరతారు. డ్రైవరుకు వాళ్లు కనబడరు. లారీ వాళ్ల మీదకే మళ్లుతుంది. ఆలోపే విజిల్ ఊది, చేయి అడ్డం పెట్టి ఆపడం బాబాయి పని. అందుకు ఆయన్ను మెచ్చుకున్నవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు. తిట్టినవాళ్లకు లెక్కలేదు.

ఆయన దిగులల్లా కూతురి గురించి. మందుల దుకాణాలకు సరుకు చేరవేసే ఉద్యోగంలో చేరి వారమైంది. కొత్త బండి, రోజంతా రోడ్డు మీదే తిరుగుడు. ఊళ్లో ఇలాంటి మలుపులు బోలెడు, విజిల్ ఊదే మనిషి ఉన్నది ఈ ఒక్కచోటే. "లారీ పక్కన దూరకు" అని రోజూ చెబుతూనే ఉన్నాడు. ఆ పిల్ల "సరే నాన్నా" అని ఎంత త్వరగా అంటుందంటే, వినలేదని అప్పుడే తెలిసిపోతుంది.

మధ్యాహ్నం ఒక లారీ కుడికి జరగ్గానే ఆ ఖాళీలోకి నీలం హెల్మెట్ ఒకటి దూసుకొచ్చింది. బాబాయి ఊదిన ఊదుడుకు టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. బండి ఆగింది. దాని హ్యాండిల్‌కు వేలాడుతున్నది ఆయన భోజనం క్యారియరే.

"దారిచ్చాడనుకున్నా నాన్నా," అంది కూతురు.

బాబాయి తిట్టబోయాడు గాని నోట్లో విజిల్ అడ్డమొచ్చింది. దాన్ని తీసేలోపు వేరే ఆలోచన తట్టింది.

"బావా," అని డ్రైవరును కేకేశాడు. వాళ్లది ఇరవయ్యేళ్ల స్నేహం. "బండి లోపల పెట్టి కాసేపు దిగు. మా అమ్మాయి నీ సీట్లో కూర్చుంటుంది."

"నా ఉద్యోగానికే ఎసరు పెడుతున్నావా?" అంటూనే దిగాడు డ్రైవరు.

కూతురు ఎక్కి కూర్చుంది. బాబాయి ఆమె బండిని తోసుకొచ్చి, లారీకి ఎడమవైపు తలుపు కిందుగా నిలబెట్టి, దాని మీద కూర్చున్నాడు. జన్మలో బండి నడపని మనిషి, హ్యాండిల్‌ను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

"కనిపిస్తున్నానా?"

"లేదు. ఎక్కడున్నావ్?"

టోపీ తీసి ఊపాడు. ఆమె అద్దాలన్నీ వెతికింది, మెడ సాచింది.

"వెనక్కెళ్లావా?"

"అంత బొజ్జే కనబడలేదంటే నువ్వేం కనబడతావమ్మా," అన్నాడు డ్రైవరు.

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే ఎడమ తలుపు వైపు జరిగి, కిటికీలోంచి తల బయటపెట్టి కిందకు చూసింది. చేయి చాపితే అందేటంత దగ్గర్లో తండ్రి బట్టతల. నవ్వు ఆగిపోయింది.

"ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నావా?"

"ఇక్కడే. అద్దంలో డ్రైవరు మొహం నీకు కనబడాలమ్మా. కనబడలేదంటే వాడి లెక్కలో నువ్వు లేనట్టే. వెనకే ఆగిపో."

ఈసారి ఆమె "సరే నాన్నా" అనలేదు. అది ఆయనకు నచ్చింది.

సాయంత్రం ఆఫీసువాళ్లు గోడ గడియారం బహూకరించారు, ఇక టైముతో పనిలేని మనిషికి. బాబాయి మెడలోని విజిల్‌ను తాడుతో సహా తీసి గేటు గదిలో మేకుకు తగిలించి, "కొత్తవాడికి పనికొస్తుంది," అన్నాడు.

"నీ ఎంగిలి విజిల్ ఎవడు నోట్లో పెట్టుకుంటాడయ్యా," అన్నాడు గుమాస్తా.

కూతురు ఇంకో హెల్మెట్ కూడా తెచ్చింది. గడియారాన్ని ఒళ్లో పెట్టుకుని ఆమె వెనక కూర్చున్నాడు. రెండు వీధులు దాటాక, ముందు పోతున్న పొడవాటి లారీ కుడికి జరిగింది. ఎడమన బండి పట్టేటంత ఖాళీ తెరుచుకుంది.

బాబాయి చేయి తనంతట తానే మెడ దగ్గరికి వెళ్లింది. అక్కడ తాడు లేదు.

కూతురు అప్పటికే ఆగిపోయింది, లారీకి బాగా వెనక. దాని అద్దంలో డ్రైవరు మొహం మీసాలతో సహా కనబడుతోంది. వెనకనుంచి ఎవరో ఒకటే హారన్.

"కొట్టుకోనీ నాన్నా," అంది.

బాబాయికి చెప్పలేనంత సంతోషం కలిగింది. గడియారాన్ని ఒక చేత్తో అదిమి పట్టుకుని, రెండో చేయి ఆమె భుజం మీద వేశాడు. లారీ తీరిగ్గా తిరిగి వెళ్లిపోయింది.

గేటు గదిలో, పంటిగాట్లు పడ్డ ఆ విజిల్‌కు ఈపాటికి తడి ఆరిపోయి ఉంటుంది.