పెరుగు అయిపోయిన పెళ్ళి

నాన్న ఫోను చేసినప్పుడు నేను దోసె తిరగేస్తున్నాను. సాయంత్రం మా ఇంటికి వస్తానన్నాడు. ప్రతి ఆదివారం నేను వెళ్ళి దణ్ణం పెట్టుకుంటున్న ఆ యేసు ఎలాంటివాడో తనకూ తెలుసుకోవాలని ఉందట. కొత్త సెల్లు చేతిలో పట్టుకుని వంటింట్లోనే రెండు గంతులు వేశాను. ఈలోగా దోసె మాడిపోయింది. దాన్నే మా ఆయన హనోకుకి పెట్టాను. పెళ్ళయి కొత్త కదా, బాగుందని తినేశాడు.

నాన్న ఉండే తుమ్మపాల నుంచి మా అనకాపల్లికి ఆటో ఎక్కితే చాలు. అయినా పెళ్ళయ్యాక నాన్న మా గడప తొక్కలేదు. పిలిచినప్పుడల్లా చెరకు నరికిస్తున్నానంటాడు. ఆ లెక్కన జిల్లాలో చెరకంతా మా నాన్నదే అయివుండాలి. క్రైస్తవుల ఇంటికి పిల్లనిచ్చినందుకు బాధపడుతున్నాడేమోనని నాకు లోపల దిగులు.

హనోకు పరవాడలో కంపెనీకి సెలవు పెట్టాడు. మామగారికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తేలక వాళ్ళ అక్క ఫెబాని పిలిచాడు. ఫెబా వదిన సండేస్కూలు టీచరు. చంకలో బొమ్మల చార్టులు, చేతిలో బెత్తంతో దిగి, సృష్టి నుంచే మొదలుపెట్టాలని తేల్చేసింది. రిహార్సలుకి నన్ను నాన్నగా కూర్చోబెట్టింది. నోవహు ఓడ చేరేసరికి నేను హనోకు భుజం మీద నిద్రపోయాను.

సాయంత్రం నాన్న పెద్ద క్యాను నిండా పెరుగుతో వచ్చాడు. ముగ్గురికి ఇంత పెరుగెందుకో మాకు అర్థం కాలేదు. వదిన మొదటి చార్టు తగిలించింది. ఏదెను తోటకి నీళ్ళెక్కడివని నాన్న అడిగాడు. నాలుగు నదులని చెబితే సంతోషించాడు. ఓడ దగ్గర ఆవులించాడు. చివరికి యేసు గురించి, లేటైన బస్సు సంగతి అడిగినట్టు అడిగాడు.

"అమ్మా, ఆయన ఇంకా రాలేదేటి?"

ఇంకా చాలా ఉందంది వదిన. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. ఇప్పుడు వెళితే మళ్ళీ ఎప్పుడొస్తాడు? హనోకు చార్టులకి అడ్డంగా నిలబడ్డాడు.

"మామయ్యగారూ, ఆయన ఓ పెళ్ళికి వెళ్ళేరు. కానా అనే ఊళ్ళో. విందు మధ్యలో ద్రాక్షారసం అయిపోయింది."

హనోకుని గట్టిగా గిల్లాను. మా పెళ్ళి భోజనాల్లో పెరుగు మధ్యలోనే అయిపోయింది. ఇన్ని కథలుండగా ఇదే దొరికిందా? కానీ నాన్న మళ్ళీ కూర్చున్నాడు.

"అయిపోతే ఆయనేటి సేసేడు?"

వాళ్ళమ్మ వచ్చి చెప్పిందనీ, ఆయన పనివాళ్ళతో రాతిబానల్లో నీళ్ళు నింపించాడనీ, ముంచి చూస్తే అదంతా మంచి ద్రాక్షారసమనీ హనోకు చెప్పాడు. విందుకి పెద్దగా ఉన్నాయన రుచి చూసి, అదంతా పెళ్ళికొడుకు ఏర్పాటే అనుకుని అతన్ని మెచ్చుకున్నాడట.

"అయిపోయినట్టు బంతిలోవోళ్ళకి తెలీలేదా?"

"తెలీలేదు. నీళ్ళు మోసినవాళ్ళకి తెలుసు."

"నానే సేసేనని ఆయన సెప్పుకోలేదా?"

"లేదండీ."

నాన్న భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పెళ్ళింటోడి పరువు కాపాడేడు," అన్నాడు. "మన పరదేశి ఉన్నాడు సూడు, పెరుగుని నీళ్ళు సేసేడు. మీవోళ్ళ ముందు తలెత్తలేక రాలేదే, సీదేవీ."

పరదేశి మా పెళ్ళి వంటవాడు. ఆ రోజు పెరుగులో పోసిన నీళ్ళతో ఒక మడి తడిసేది. ఇన్నాళ్ళూ నాన్నని ఆపింది చర్చి కాదు, పెరుగు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తను పెరుగు సంగతే గమనించలేదనీ, తన చూపంతా నామీదే ఉందనీ హనోకు అన్నాడు. మొదటి బంతిలో తను మూడుసార్లు పెరుగు వేయించుకున్నానని ఫెబా వదిన చార్టు చాటునుంచి ఒప్పుకుంది.

నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. యేసువి ఇలాంటి కథలు ఇంకా ఉన్నాయా అని అడిగి, ఉన్నాయనగానే చెప్పులు వేసుకున్నాడు.

"రేపు మీయమ్మనీ, ఆ పరదేశినీ తీసుకొత్తాను. ముందు ఈ పెళ్ళి సంగతే మళ్ళీ సెప్పండి, అల్లుడుగారూ. ఆ నీళ్ళకాడ మాత్రం ఆడి మొకం సూసి సెప్పాల."