పన్నెండు సున్నాలు

జీవన్‌తో పెళ్లయి నలభై మూడు రోజులు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బండి మీద పోవడం కూడా నాకింకా పండుగే. తాడ్వాయి దగ్గర రోడ్డు పక్కన ఆరబోసిన మక్కజొన్నలు పసుపుపచ్చగా మెరుస్తుంటే, వెనక నుంచి జీవన్ భుజం తట్టి చూపించేదాన్ని. ఆ రోజు తట్టలేదు. నా సంచిలో నోటీసు ఉంది.

జీవన్‌కు ఎల్లారెడ్డిలో టెంట్ హౌస్. శామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికిస్తాడు. మూడేళ్లుగా దుకాణం క్యూఆర్ కోడ్‌కు లక్షలు వచ్చాయని, జీఎస్టీ లెక్కల్లో మాత్రం ఏ అమ్మకమూ లేదని, నెల రోజుల్లో జవాబు చెప్పాలని ఆ నోటీసు. అది కామారెడ్డిలో మా లెక్కలు చూసే సిద్దిరాములు మెయిల్‌కు వచ్చి ఇరవై రోజులైంది. ఆయన మాకు పంపింది నిన్న.

"ఇరవై రోజులు నీ దగ్గరనే వెట్టుకున్నవా అన్నా?" ఆయన ఆఫీసులో కుర్చీ చూపించేలోపే అడిగాను.

"కొత్త పెండ్లి గదా చెల్లె. పోచారం డ్యాం కాడ మీరిద్దరు దిగిన ఫోటో స్టేటస్‌ల చూసిన. ఎందుకు పరేశాన్ చేయాలె అనుకున్న."

అలుగు నీళ్ల తుంపరకు నా చున్నీ తడిసిన ఆ ఫోటోను రోజుకు పదిసార్లు చూసుకుంటాను. ఆయన నోట వినగానే దాని మీద కూడా కోపమొచ్చింది.

"మూడేండ్ల సంది అమ్మకం సున్నా అని ఎట్ల వెట్టినవ్? మా టెంట్లు ఊరికనే లేస్తున్నయా?"

ఆయన ఫోన్ నా వైపు తిప్పాడు. మూడు నెలలకోసారి ఆయన అడిగిన ప్రశ్న: "తమ్మీ, బిల్లులేమన్న ఉన్నయా?" కింద జీవన్ జవాబు: "ఏం లేవన్నా. సున్నా కొట్టు." పక్కన బొటనవేలు బొమ్మ. లెక్కపెట్టాను. పన్నెండు. అందులో ఒకటి ఈ ఏటి మాఘమాసానిది. గోదాములో ఒక్క కుర్చీ మిగల్లేదని పెళ్లిచూపుల్లో నాకు గొప్పగా చెప్పిన సీజన్ అది.

జీవన్ హెల్మెట్ పట్టీ సర్దుతున్నాడు.

"గిరాకోళ్లే బిల్లు వద్దంటరు హారికా. పన్ను కలిపితే పక్క దుకాణానికి వోతరు."

"నాకెందుకు చెప్పలె?"

"నువ్వడగలె గదా."

"దారి పొడుగునా ఈయననే తిట్టిన! అన్న గట్లాంటోడు కాదన్నవ్ గని, నేను గిట్లాంటోణ్ణి అని అన్నవా?"

సిద్దిరాములు పకపకా నవ్వాడు.

"నువ్వు నవ్వకన్నా. సున్నా కొట్టేటప్పుడు అది అబద్ధమని నీకు తెల్వదా?"

"తెలుసు."

"తెలిసే పన్నెండుసార్లు ఫీజు తీసుకున్నవ్."

ఆయన నవ్వు ఆగిపోయింది. గొంతు తగ్గించి, "ఒక ఉపాయం ఉన్నది. అవన్ని చేబదులు పైసలని రాద్దాం. సగం మీ బాపు ఇచ్చిండని చూపిస్త. ఇంటామెవు, నువ్వొక సాక్షి సంతకం వెడితే అయిపాయె" అన్నాడు.

"మూడేండ్ల కింద మా బాపుకు ఈయనెవరో తెల్వదు. ముక్కు మొఖం తెల్వనోనికి లక్షలిచ్చిండా? పైసలేసినోళ్ల పేర్లు బ్యాంకుల లేవా?"

"ఒప్పుకుంటే పన్ను, వడ్డీ, జరిమానా అన్ని కట్టాలె. కొత్త టెంట్ల ముచ్చట మరిచిపోండ్రి."

జీవన్ తలెత్తాడు. "ఈ ఒక్కసారికి సంతకం వెట్టరాదా, హారికా."

నా చెవులు వేడెక్కాయి. "నీ తప్పుకు మా బాపును అబద్ధాలోణ్ణి చేస్తవా? నా సంతకం వడదు. లేకుంటనే నడిపిచ్చుకుంటవా, నడిపిచ్చుకో. మళ్ల ఎన్నడు నిన్ను నమ్మమని నన్నడగకు."

అంతలో జీవన్ ఫోన్ మోగింది. నాగిరెడ్డిపేట మైసన్న. స్పీకర్ పెట్టకపోయినా ఆయన గొంతు గదంతా వినబడింది.

"జీవనూ, బిడ్డ పెండ్లికి నలభై వేలన్నవ్ గదా. బిల్లు గిల్లు వద్దు, ఖాయం జేయి."

జీవన్ నా వైపు చూశాడు. నేను సాయం చేయలేదు.

"బిల్లు రాస్త కాకా. నలభై ఏడు వేల రెండొందలు."

"ఏందిరో, నిన్నటిదాంక లేని బిల్లు ఇయ్యాల ఎక్కడికెల్లి వచ్చింది? పెండ్లయినంక బాగ మారినవ్!"

"మారిన కాకా. బిల్లు లేకుంటే టెంటు లేదు."

ఫోన్ టక్కున కట్టయింది.

"పాయె గిరాకి," అన్నాడు సిద్దిరాములు.

జీవన్ మెడ ఎర్రబడింది. "పోనీ. రాయన్నా, అవి టెంట్ల పైసలే. ఎంతయితే గంత కడ్త. ఒక్కసారికి కాకుంటే విడతల్ల అడుగుదాం."

నా కోపం పోలేదు. పోతుందని ఎవరన్నారు? కుర్చీ లాక్కుని కంప్యూటర్ పక్కన కూర్చున్నాను.

"ముందుగాల జీఎస్టీల నీ మెయిల్ తీసేసి నాది వెట్టన్నా. ఇగ మొదటి మూడు నెలలు తియ్యి. నా ముందట రాయి."

"చాయ్ తాగుతవా?" మెల్లగా అడిగాడు జీవన్.

"తాగ. నువ్వు గూడ తాగకు. మొదటి పెండ్లి ఎవరిదో చెప్పు."

జీవన్ నొసలు రుద్దుకున్నాడు. "తాడ్వాయిల... భూదవ్వ మనుమరాలిది. మూడొందల కుర్చీలు."