మల్లె చిగురు

మల్లెపొద మొదట్లో మట్టి గుల్ల చేస్తున్న కాజాలక్క చెయ్యి ఒక్కసారిగా ఆగిపోయింది. చలికాలంలో ఆకంతా దూసి, కత్తిరించి, మోడులా వదిలేసిన కొమ్మ కణుపు దగ్గర మినపగింజంత ఆకుపచ్చ. కళ్ళజోడు పైకి తోసుకుని, ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. చిగురే! పక్కన నిమ్మచెట్టు మొగ్గ విచ్చింది. తేనెటీగలు అప్పుడే వాటాలకు తగవు పడుతున్నాయి. దానిమ్మ లేతాకులు రాగిరంగులో మెరుస్తున్నాయి.

"తమ్ముడూ, మల్లె బతికిందిరా!" అని కేకేసింది.

లోపల్నుంచి కిటికీ రెక్క మూసుకుంది. మొక్కలబండి ఆయన్ని పెళ్ళి చేసుకుంటున్నానని చెప్పిన రోజే వాడి నోటికి తాళం పడింది. "ఈ వయసులోనా? నలుగురూ నవ్వరూ?" అన్నదే ఆఖరి మాట.

ఊహ తెలిసినప్పట్నుంచీ ఆమె దర్జీకొట్లో చొక్కాలకు కాజాలు కుడుతోంది. చొక్కా ఎవరిదో తెలియదు. బొత్తాం పట్టేంత చీల్చి, ఆ చీలిక అంచు విడిపోకుండా దారంతో కట్టెయ్యడం ఆమె పని. సూదిపోట్లకు చూపుడువేలి కొస జల్లెడయింది. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆ వేలే. తన పెళ్ళి మాటెత్తితే, "వాడు గట్టెక్కనీ" అనేది. వాడు గట్టెక్కి, ఓ పెద్ద భవనంలో లిఫ్టు నడుపుతూ, పెళ్ళి ఊసెత్తకుండానే తలకు రంగేసుకునే వయసుకొచ్చాడు.

మొక్కలబండి ఆయనకు భార్య పోయింది. నిరుడు ఎండిపోతున్న మల్లెను చూసి, "భయపడక కోసెయ్యండి. వేరు బాగుంటే వయసుతో పనేముంది?" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ తర్వాత ఆమె ఏమీ కొనకపోయినా బండి ఆమె గేటు దగ్గర ఆగేది.

చిగురు కనబడిన ఆ రోజే కొట్లో ఆమెకు ఆఖరి రోజు.

"రేపట్నుంచి చొక్కాలకు పిన్నీసులు పెట్టుకోమందామా, కాజాలక్కా?" అన్నాడు దర్జీ, నవ్వబోయి నవ్వలేక. ఆమె చేతిలోని కాజా ముగించి, దారం పళ్ళతో కొరికింది.

సాయంత్రం ఇంటికెళ్ళి, బట్టల సంచీతో బయటికొచ్చేసరికి తమ్ముడు మల్లెపొద దగ్గర గోడకేసి తిరిగి నిలబడి ఉన్నాడు. గేటు బయట మొక్కలబండి ఆయన, ఆమెను తనతో తీసుకెళ్ళడానికి ఎదురుచూస్తున్నాడు.

"నవ్వుల గొడవ కాదక్కా," అన్నాడు తమ్ముడు. "నేను ఇంటికొచ్చేసరికి రోజూ లైటు వేసి ఉంటుంది. అదీ."

ఆమె సంచీ కింద పెట్టింది. వాడి వేలు పట్టుకుని చిగురుకు తాకించింది.

"ఇది పూసేనాటికి వస్తాను. అందాకా బతికించు."

"మొక్కల గురించి నాకేం తెలుసే?"

"నిన్ను పెంచేటప్పుడు నాకేం తెలుసురా?"

వాడు ముక్కు తుడుచుకుని, బకెట్టు నింపి, నీళ్ళన్నీ ఒక్కచోటే గుమ్మరించాడు. గేటు దాటబోతున్న ఆమె వెనక్కి తిరిగి, "మొదట్లో కాదురా, చుట్టూ!" అని అరిచింది.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక కూడా వాడు చుట్టూ పోస్తూనే ఉన్నాడు. కుళాయి పక్కన ఆమె తోటచెప్పులు, మడమల దగ్గర అరిగిపోయి, పొద్దుటి మట్టి ఇంకా పూర్తిగా ఆరక, మొక్కలవైపు తిరిగి ఉన్నాయి.