ఒక్కసారే అడిగారు

మా ఆయన మొహమాటం వల్ల మేం రోడ్డున పడేవాళ్ళమని నేనంటే, ఆయన ఇప్పటికీ నవ్వుతారు. నవ్వరూ మరి! నిద్రపట్టక చచ్చింది నేను కదా.

అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో పదకొండేళ్ళుగా మేం అద్దెకున్న ఇంటిని ఓనర్ అమ్మేశాడు. అరవై రోజుల్లో ఖాళీ చేయమన్నాడు. మా ఆయన రాజారావు స్కూల్ క్యాంటీన్‌లో వంట చేస్తారు, నేను ఇండియన్ స్టోర్‌లో బిల్లింగ్ దగ్గరుంటాను. మా ఇద్దరి జీతాలతో బయట రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్ వచ్చే మాట కల్ల. ఊరు మారదామంటే మా అమ్మాయి హంసికకి హైస్కూల్ ఇంకా ఏడాదుంది. సరిగ్గా అప్పుడే, ఆదాయం తక్కువున్నవాళ్ళకి తక్కువ అద్దెకిచ్చే కొత్త అపార్ట్‌మెంట్లు మా స్టోర్ దగ్గర్లో లేచాయి. అరవై ఇళ్ళు. ఈయన వెళ్ళి అప్లికేషన్ పెట్టొచ్చారు.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. వెయిటింగ్ లిస్ట్‌లో మా నంబర్ నూట ఎనభై ఏడు. ఉన్నవి అరవై ఇళ్ళు!

ఉత్తరం అడుగున ఉన్న చిన్న అక్షరాలు హంసిక చదివింది.

"అమ్మా, వెటరన్స్‌కి ఫస్ట్ ప్రయారిటీ అంట. మన దాంట్లో మిలటరీ సర్వీస్ 'నో' అని ఉంది. నాన్నా, నువ్వు ఆర్మీలో ఉన్నావ్ కదా? వై నో?"

నేను ఈయన వైపు తిరిగాను. ఈయన గోడ వైపు తిరిగారు.

పెళ్ళికి ముందు ఈయన ఎనిమిదేళ్ళు అమెరికా ఆర్మీలో వంటవాడిగా పనిచేశారు. అందులో ఏడాది పైన కువైట్ ఎడారిలోనే. ఆ రోజుల గురించి ఎప్పుడూ నోరు విప్పరు. నేనూ అడగలేదు, అది నా తప్పే.

"ఆఫీసులో ఆవిడ అడిగింది గీతా, మిలటరీలో చేశారా అని," అన్నారు మెల్లగా. "అబ్బే, చెప్పుకోదగ్గదేం లేదండీ అన్నాను."

"అంటే?"

"మళ్ళీ అడుగుతుంది కదా, అప్పుడు చెబుదామనుకున్నా. అడగలేదు. 'నో' దగ్గర టిక్కు పెట్టేసి పేజీ తిప్పేసింది."

అయ్యో రామా! ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఈ మనిషి ఇంతే. గారె వేస్తానంటే వద్దంటారు, మూడుసార్లు బతిమాలితే నాలుగు తింటారు. మా వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు కాబట్టి బతిమాలుతారు. ఆ ఆఫీసావిడకేం తెలుసు పాపం?

"అయినా అది తుపాకీ పట్టి పోరాడినవాళ్ళ కోసం కదా," అన్నారు. "గరిటె తిప్పినవాణ్ణి, వాళ్ళకి రావలసింది నేను లాక్కోవడమేంటి?"

ఒళ్ళు మండింది నాకు. "ఆ పోరాడినవాళ్ళు గాలి భోంచేసి పోరాడారా? వాళ్ళకి అన్నం పెట్టిందెవరు? రేపు మీ కూతుర్ని ఎక్కడ పడుకోబెడతారో అది చెప్పండి ముందు!"

ఈయన లేచి వెళ్ళి, మంచం కింద సూట్‌కేసులోంచి ఆర్మీవాళ్ళిచ్చిన డిశ్చార్జి కాగితం తీసుకొచ్చి బల్ల మీద పెట్టారు.

తప్పులు దిద్దుకోవడానికి శుక్రవారం సాయంత్రం ఐదింటి దాకా గడువుంది. ఈయన డ్యూటీ దిగి వచ్చేసరికి నాలుగున్నర. హంసిక డ్రైవ్ చేసింది. నేను వెనక సీట్లో కూర్చుని దారంతా ఈయనకి పాఠం చెబుతూనే ఉన్నాను.

కౌంటర్ దగ్గర బ్రెండా అనే ఆవిడ పాత అప్లికేషన్ బయటికి తీసింది. నేను ముందుకు దూకి, "హీ వాజ్ ఇన్ ద ఆర్మీ" అన్నాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, ఆయనే చెప్పాలంది. కళ్ళద్దాలు సవరించుకుని ఈయన్ని అడిగింది. సైన్యంలో పనిచేశారా?

ఈయన బూట్ల వంక చూసుకున్నారు. ఆ 'అబ్బే' గొంతు దాకా వచ్చేసిందని నాకు తెలిసిపోయింది. గోడ గడియారం ఐదుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. హంసిక వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంది.

ఈయన తలెత్తారు. వీపు నిటారుగా అయింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆయన అలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

"ఎస్ మేడమ్. ఎనిమిదేళ్ళు చేశాను," అన్నారు ఇంగ్లీషులో. ఆ వెంటనే ఉండబట్టలేక, "వంటవాణ్ణి మాత్రమే" అని కలిపారు.

బ్రెండా డిశ్చార్జి కాగితం పైనుంచి కింది దాకా చదివింది. "ఈ ఫారంలో వంటవాళ్ళకి వేరే గడి లేదు సర్. వెటరన్ అని ఒక్కటే ఉంది," అని దానికి ఎదురుగా టిక్కు పెట్టి, ఈయన చేత సంతకం చేయించింది.

మంగళవారం కొత్త లిస్టు వచ్చింది. మా నంబర్ ఆరు! స్టోర్‌లో ఫోన్ చూసుకుని నేను పెట్టిన కేకకి, పప్పుల దగ్గరున్న కస్టమర్ చేతిలో ప్యాకెట్ వదిలేసింది. మేనేజర్ తిట్టలేదు, స్వీటు బాక్సు చేతిలో పెట్టాడు.

గడువుకి తొమ్మిది రోజుల ముందు కొత్తింట్లో పాలు పొంగించాం. తెలిసినవాళ్ళు ఇరవై మంది వచ్చారు. వాళ్ళలో పద్మనాభం గారనే పెద్దాయన ఇల్లంతా కలియతిరిగి ఈయన్ని పక్కకి లాగారు.

"ఏమయ్యా, వందల మంది లైన్‌లో ఉంటే నీకెలా వచ్చింది? ఎవరి రికమెండేషన్?"

హాల్లో అందరూ ఇటు తిరిగారు. ఈయన తరఫున జవాబు చెప్పడానికి నేను నోరు తెరిచాను. అవసరం లేకపోయింది.

"రికమెండేషన్ ఏం లేదండీ," అన్నారు రాజారావు, అందరికీ వినబడేలా. "నేను సోల్జర్ని. ఎనిమిదేళ్ళు ఆర్మీకి అన్నం పెట్టాను. ఈ ఇల్లు నా సర్వీసుకి వచ్చింది."