లోపల లిథియం రేకు

వాళ్ళిద్దరూ ఒకే కాలేజీలో రసాయనశాస్త్రం చదివి, ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. ఊరి చివర పాత గోదాం అద్దెకు తీసుకుని బ్యాటరీల ప్రయోగశాల పెట్టారు. సెల్‌లు తయారుచేయడం అతని పని. వాటిని పదేపదే చార్జి చేసి, ఖాళీ చేసి, ఎన్నాళ్ళు నిలుస్తాయో చూడడం ఆమె పని. అతను సీలు వేసి ఇచ్చిన సెల్‌ను ఆమె ఏనాడూ అనుమానించలేదు.

చార్జి చేసినప్పుడు లిథియం వచ్చి గ్రాఫైట్ పొరల్లో దూరుతుంది. వాడుతున్నప్పుడు వెనక్కి పోతుంది. ఈ రాకపోకల్లో కొంచెం కొంచెంగా గ్రాఫైట్ మీదే పేరుకుపోయి ఇక కదలదు. బ్యాటరీ నీరసించేది చాలావరకు అందుకే. ఆ నష్టాన్ని ఆపే మందు కోసం ఇద్దరూ ఏళ్ళ తరబడి తంటాలు పడ్డారు.

చివరికి ఒకటి కుదిరింది. కొత్త మందు కలిపిన సెల్‌లలో ఎంత చార్జి నిలుస్తోందో చూపే గీత కంప్యూటర్ తెర మీద ఏమాత్రం వాలకుండా సాగింది. వోల్టేజీలో చిన్న తేడా కనిపిస్తే, "అది మందు వల్లే" అన్నాడు అతను. ఆమె నమ్మింది. సంబరం పట్టలేక అత్తగారిని పిలిచి మరీ చూపించింది.

"గీత తిన్నగా ఉంటేనే ఇంత సంబరమా? వీడు చిన్నప్పుడు ఒక్క గీత తిన్నగా గీసిన పాపాన పోలేదు" అని ఆవిడ నవ్వింది.

కొన్నాళ్ళకు, చక్రాల కుర్చీలు తయారుచేసే పెద్దాయన ఒకరు చూడడానికి వచ్చారు. ఆయన తిరిగేదీ అలాంటి కుర్చీలోనే. అతను చెప్పిందంతా విని, ఆయన ఆమె వైపు తిరిగారు.

"మీ ఆయన మాటకారి అమ్మాయ్. నువ్వు చెప్పు. ఇది నిజమేనా? రోడ్డు మధ్యలో బ్యాటరీ చచ్చిపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు."

"నిజమేనండీ. నా కళ్ళతో చూశాను" అంది ఆమె.

ఆ మాట మీదే ఆయన తన కుర్చీలకు ఈ బ్యాటరీలు తీసుకోవడానికి సరేనన్నారు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆమెకు ఒక సెల్ తెరిచి చూడాలనిపించింది. అనుమానంతో కాదు, మురిపెంతో. నిండా చార్జి అయిన గ్రాఫైట్ బంగారు రంగులోకి మారుతుంది. ఆ రంగును ఫొటో తీసి గోడకు తగిలించాలనుకుంది. గాలి చొరబడని గాజు పెట్టెలో రబ్బరు తొడుగులతో చేతులు పెట్టి, జాగ్రత్తగా మూత ఊడదీసింది.

లోపల బంగారం లేదు. గ్రాఫైటే లేదు. దాని స్థానంలో మందపాటి లిథియం రేకు వెండిలా మెరుస్తోంది. అంత రేకు ఉంటే పోయిన లిథియం పోయినట్టే తెలియదు. ఎప్పటికప్పుడు భర్తీ అయిపోతుంది. గీత వాలమన్నా వాలదు.

ఇంకొకటి తెరిచింది. మరొకటి తెరిచింది. అన్నీ అంతే.

అతను లోపలికి వచ్చాడు.

"గ్రాఫైట్ ఏది?" అంది.

అతను తెరిచిన సెల్‌లు చూసి స్టూలు మీద కూలబడ్డాడు. "మందు పనిచేస్తుంది. ఇంకొంచెం టైం కావాలంతే. అప్పటిదాకా ఆయన ఆగడుగా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు అబద్ధమాడడం రాదు. చెప్పుంటే నీ మొహంలో ఇట్టే తెలిసిపోయేది. ఆయన నమ్మింది నిన్ను చూసే కదా."

తనకు భయపడి దాచాడేమో అనుకుంది అప్పటిదాకా. తన నమ్మకాన్నే ఎరగా వాడుకున్నాడని ఆ మాటతో అర్థమైంది. అతని ముందే ఫోన్ తీసి పెద్దాయనకు జరిగింది జరిగినట్టు చెప్పింది.

"అంటే నీకూ తెలియదా?" అన్నారాయన.

"తెలియదండీ."

"అయ్యో తల్లీ" అని ఫోన్ పెట్టేశారు. మళ్ళీ రాలేదు.

ఇప్పుడు సెల్‌లు ఆమే తయారుచేసుకుంటోంది. గీత వాలుతోంది. వాలిన గీతనే వచ్చినవాళ్ళకు చూపిస్తోంది. అతను వేరే చోట ఉద్యోగంలో చేరాడు. ఏమైందని అత్తగారు అడిగితే, "మీ అబ్బాయినే అడగండి అత్తయ్యా" అంది. ఒకే ఇంట్లో ఉంటున్నారు, ఒకే బల్ల దగ్గర తింటున్నారు. బయట వాన పడుతోందని అతనంటే, ఆమె లేచి కిటికీ దాకా వెళ్ళి చూస్తుంది.