వెలితి పీపా

స్పే నది ఒడ్డున విస్కీ గోదాములో లాక్లన్ నలభై ఏళ్లుగా పీపాలు తట్టి చూసే మనిషి. సుత్తితో పైనుంచి కిందికి తడుతూ, ఎక్కడిదాకా సరుకుందో చెవితోనే చెప్పేస్తాడు. మొద్దుగా పలికితే నిండు, బోలుగా పలికితే వెలితి. వెలితంటే ఆయనకు ఒళ్లుమంట; ఎక్కడో కారిపోయిందనే కదా.

అలాంటివాడికి నెలరోజులుగా నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చలికాలంలో వచ్చిన జ్వరాన్ని లెక్కచేయలేదు. గోదాము చెమ్మ వల్లేనని భార్య ఎఫీ నోరు మూయించాడు. అసలు భయం వేరు. అన్నకూ ఇలాగే ఆయాసంతో మొదలై, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. క్యాన్సరని తేలాక ఆర్నెల్లు కూడా బతకలేదు. చివరికి ఎఫీయే రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది.

డాక్టర్ రోనా ఆయన మనవరాలి ఈడు పిల్ల. చొక్కా విప్పించి, వీపు మీద ఒక చెయ్యి ఆనించి, దాని నడివేలిని రెండో చేతి వేలితో తడుతూ కిందికి దిగింది. బోలు, బోలు, ఉన్నట్టుండి మొద్దు. లాక్లన్‌కు ఒళ్లు గగుర్పొడిచింది. అది అచ్చంగా తన విద్యే.

"కుడివైపు సగందాకా నిండింది కదూ తల్లీ?"

రోనా చెయ్యి ఆగిపోయింది. "మీకెలా తెలుసండీ?"

"నలభై ఏళ్లుగా నేను చేస్తోందీ ఇదేనమ్మా."

స్కానింగులోనూ నీటి మట్టం సరిగ్గా అక్కడిదాకే కనిపించింది. ఆ చోటికి మత్తుమందిచ్చి, పక్కటెముకల మధ్య సూది దింపి, లీటరున్నర నీరు మెల్లగా తీశారు. ఒక్కసారిగా లాగేస్తే ఊపిరితిత్తి తట్టుకోదట. సీసాలో లేత విస్కీ రంగు. అలవాటుకొద్దీ వాసన చూడబోతే ఎఫీ చేతి మీద ఒక్కటేసింది. రంగు బాగానే ఉంది కదా అన్నాడు లాక్లన్. రంగును నమ్మనని, పరీక్షలే చెప్పాలని రోనా అంది.

నాలుగు రోజులు ఇద్దరికీ తిండి సయించలేదు. ఐదోరోజు రోనా ఫోన్ చేసింది. నీటిలోగానీ స్కానింగులోగానీ క్యాన్సర్ జాడ లేదు. ఆ పట్టించుకోని జ్వరమే న్యుమోనియా, నీరు చేరింది దానివల్లే. మందులతో నయమవుతుంది.

మందుల కోర్సు ముగిసిన కొన్నాళ్లకు, వంటింట్లో చొక్కా విప్పి కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని, తట్టడం ఎలాగో ఎఫీకి నేర్పాడు. ఆమె మెల్లగా కిందికి దిగింది. మొన్న మొద్దుగా పలికినచోట కూడా బోలే.

"అంతా వెలితేనయ్యా," అంది ఎఫీ.

ఆ మాటకు మండిపడే మనిషి కుర్చీ వీపు మీద తల వాల్చి ఏడ్చేశాడు. మళ్లీ తట్టమన్నాడు.